రక్తపోటు మందులు: వాడకంలో భద్రత, దుష్ఫలితాల ఎరుక

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృతికి అంకితమైన స్మారకోపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన మరుసటి ఏడు, ఇటలీ వైద్యుడు షిపియోనె రివా-రొచ్చి జబ్బకు రబ్బరు పట్టీ చుట్టి రక్తపోటును కొలిచే పరికరాన్ని ప్రకటించాడు. సుబ్బారావు 1948లో న్యూయార్కులో కన్నుమూసిన మరుసటి ఏడు, బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరుతో రక్తపోటు తగ్గుతున్న తీరును 'బ్రిటిష్ హార్ట్ జర్నల్'లో వివరించాడు. ఫోలిక్ ఆమ్లం తయారీకీ, బోదకాలుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్‌కూ, క్యాన్సర్ చికిత్సలో పేరుపొందిన మెథోట్రెక్సేట్‌కూ దారి వేసిన ఆ పరిశోధకుని జీవితకాలమంతటా వైద్యులు రక్తపోటును కొలవగలిగారే గాని, దాన్ని నిలకడగా తగ్గించే మాత్ర వారి చేతిలో లేదు. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ మెదడులో రక్తనాళం చిట్లి మరణించిన రోజున ఆయన రక్తపోటు 300/190గా నమోదైంది. అంతటి పదవిలో ఉన్న రోగికి సైతం వైద్యులు ఇవ్వగలిగింది విశ్రాంతి, ఉప్పు తగ్గించిన తిండి, మత్తు కలిగించే మందు, గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ మాత్రమే.

ఆ లేమి ఇప్పుడు లేదు. పుట్టపర్తి, ధర్మవరం, పెనుకొండ దారులు కలిసే కొత్తచెరువు వంటి ఊళ్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, మందుల షాపులోనూ, జన ఔషధి దుకాణంలోనూ అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ వంటి మందులు దొరుకుతాయి. అయినా మాత్ర మొదలుపెట్టి మానేసినవారు, ఒకనాడు వేసుకుని రెండునాళ్లు వదిలేసేవారు, పక్కింటివారి చీటీతో మందు తెచ్చుకునేవారు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. ఇందుకు నిర్లక్ష్యమొక్కటే కారణమనడం న్యాయం కాదు. మాత్ర వేసుకున్నాక కాళ్లు వాచినవారికీ, దగ్గు పట్టుకున్నవారికీ, లేచి నిలబడగానే కళ్లు తిరిగినవారికీ తమ బాధ ఎందుకు కలిగిందో చెప్పేవారు లేకపోవడం అంతకన్నా పెద్ద కారణం. దుష్ఫలితం కనబడినప్పుడు ప్రశ్నించవలసింది మందు ఎంపికను, మోతాదును, వేసుకునే వేళను, తోడుగా వాడుతున్న ఇతర మందులను. చికిత్స అవసరం మాత్రం అప్పుడూ అలాగే నిలిచి ఉంటుంది. ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తున్న సూత్రం ఇదే.

సర్పగంధ చెప్పే పాఠం

సర్పగంధను ఈ దేశపు వైద్యులు ఉన్మాదానికీ, నిద్రలేమికీ తరతరాలుగా వాడారు. దానికి రక్తపోటును తగ్గించే గుణం ఉందని 1931లో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ రాశారు. వకీల్ వ్యాసం ఆ గుణాన్ని పాశ్చాత్య వైద్యుల దృష్టికి తెచ్చింది. 1952లో స్విట్జర్లాండులోని సీబా సంస్థ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. రక్తపోటును మందులతో తగ్గిస్తే ప్రాణాలు నిలుస్తాయని తిరుగులేకుండా చూపిన తొలి పెద్ద పరీక్ష అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగి 1967లో వెలువడింది. అందులో వాడిన మూడు మందులలో రిసర్పిన్ ఒకటి. తీవ్రమైన రక్తపోటు ఉన్న 143 మందిలో సగం మందికి అసలు మందులు, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూడగా, ఉత్తుత్తి మాత్రల వర్గంలో 27 మందికి తీవ్రమైన ఉపద్రవాలు రాగా, మందు వాడిన వర్గంలో ఇద్దరికే వచ్చాయి.

అదే రిసర్పిన్ ముక్కుదిబ్బడనూ, మగతనూ, కొందరిలో లోతైన దిగులునూ కలిగించింది. తొలి రోజులలో ఇచ్చిన పెద్ద మోతాదులను తగ్గించాక ఆ బాధలు చాలావరకు తగ్గాయి. వేరు నుంచి వచ్చిన మందుకు దుష్ఫలితాలు ఉండవన్న నమ్మకాన్ని ఈ చరిత్ర ఒక్కటే తోసిపుచ్చుతుంది. శరీరంలో ఏదో ఒక పని చేయగలిగిన ప్రతి పదార్థమూ, అది అడవిలో దొరికినా కర్మాగారంలో తయారైనా, అక్కరలేని పని కూడా చేయగలదు. రెండో సంగతి, దుష్ఫలితాలలో అధికభాగం మోతాదును బట్టి పెరుగుతాయి. 354 పరీక్షల ఫలితాలను కలిపి లా, వాల్డ్ తదితరులు 2003లో చేసిన విశ్లేషణలో మామూలు మోతాదు రక్తపోటులోని పైఅంకెను సగటున 9 మిల్లీమీటర్లు తగ్గిస్తే సగం మోతాదు 7 మిల్లీమీటర్లు తగ్గిస్తుందని, దుష్ఫలితాలు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువగా తగ్గుతాయని తేలింది. ఒకే మందును పెద్ద మోతాదులో ఇవ్వడం కన్నా రెండు మందులను చిన్న మోతాదులలో కలిపి ఇవ్వడం మేలన్న నేటి వైద్య పద్ధతికి ఆధారం ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇటువంటి జంట మాత్రలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి చీటీలో రెండు మందుల పేర్లు కనబడితే జబ్బు ముదిరిందని బెంబేలెత్తనక్కరలేదు.

పోటును పెంచే మూడు కారణాలు, తగ్గించే మూడు దారులు

రక్తపోటు అంటే ప్రవహించే రక్తం ధమనుల గోడల మీద చూపే ఒత్తిడి. గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడిని పైఅంకె, అంటే సిస్టోలిక్ అనీ, గుండె సడలినప్పటి ఒత్తిడిని కిందిఅంకె, అంటే డయాస్టోలిక్ అనీ అంటారు. వేర్వేరు రోజులలో సరిగా కొలిచినప్పుడు 140/90 లేదా అంతకు మించి ఉంటే అధిక రక్తపోటుగా పరిగణించడం మన దేశంలో సాధారణ పద్ధతి. బోరు కింద డ్రిప్పు వేసుకున్న రైతుకు ఇందులోని కీలకం వెంటనే అర్థమవుతుంది: మోటారు తోపు పెరిగినా, పైపు సన్నబడినా, పైపులోకి వచ్చే నీరు ఎక్కువైనా గొట్టం మీద ఒత్తిడి పెరుగుతుంది. మందులు కూడా ఈ మూడు చోట్లనే పనిచేస్తాయి. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్నీ తోపునూ తగ్గిస్తాయి. అమ్లోడిపిన్ వంటి కాల్షియం మార్గ నిరోధకాలు రక్తనాళాల గోడలలోని కండరాన్ని సడలిస్తాయి. క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మూత్రవర్ధకాలు మూత్రపిండాల ద్వారా ఉప్పునూ నీటినీ బయటికి పంపుతాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ అనే ఏసీఈ నిరోధకాలు, టెల్మిసార్టాన్, లోసార్టాన్ అనే ఏఆర్‌బీలు నాళాలను బిగించి ఉప్పును నిలబెట్టే యాంజియోటెన్సిన్ అనే హార్మోనును అడ్డుకోవడం వల్ల రెండు చోట్ల పనిచేస్తాయి. ఏసీఈ నిరోధకాలకు మూలం బ్రెజిల్ దేశపు రక్తపింజరి జాతి పాము విషం మీద 1960లలో జరిగిన పరిశోధన. ఆ దారిలో వచ్చిన కాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి లభించింది.

ఏ మందు ఎక్కడ పనిచేస్తుందో తెలిస్తే దాని దుష్ఫలితం ఎందుకు వస్తుందో దాదాపుగా ఊహించవచ్చు, ఎందుకంటే ఆ బాధలలో చాలా వాటికి మూలం మందు చేసే అసలు పనిలోనే ఉంటుంది.

బాధను బట్టి మందును గుర్తించడం

అమ్లోడిపిన్‌తో వచ్చే చీలమండల వాపును ధర్మవరం నేత కార్మికుని ఉదాహరణతో పరిశీలించవచ్చు. గుంట మగ్గంలో కాళ్లు కిందికి దించి ఉదయం నుంచి పొద్దుగూకే దాకా కూర్చున్నవారికి సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బడం మామూలే. అటువంటి వ్యక్తికి అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములతో మొదలై తరువాత 10కి పెరిగితే, సన్నని ధమనులు బాగా విప్పారి సిరలు ఆ మేరకు విప్పారకపోవడం వల్ల కేశనాళికల నుంచి ద్రవం కణజాలంలోకి ఊరి, రెండు చీలమండలూ సమంగా వాస్తాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. రాత్రి పడుకుని లేచేసరికి కొంత తగ్గుతుంది. ఇది కిడ్నీ చెడిపోయినందువల్ల వచ్చిన వాపు కాదు గనుక ఒంట్లో నీరు తీసే మాత్రలు దీనికి పెద్దగా ఉపకరించవు. మోతాదును మళ్లీ 5కి తగ్గించడం, లేదా టెల్మిసార్టాన్ జతచేయడం దీనికి తగిన పరిష్కారం. ఏఆర్‌బీ సిరలను కూడా కొంత సడలించడం వల్ల వాపు తగ్గుతుంది. అయితే వాపు ఒక్క కాలికే వచ్చినా, ముఖం ఉబ్బినా, ఆయాసం తోడైనా కారణం వేరే కావచ్చు గనుక వెంటనే పరీక్ష అవసరం. ఇదే మందు కొందరిలో చిగుళ్లను ఉబ్బిస్తుంది. చిగుళ్ల జబ్బుకు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లేవారు తాము వాడే బీపీ మాత్ర పేరు అక్కడ తప్పక చెప్పాలి.

ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవారిలో సుమారు పదిమందిలో ఒకరికి కఫం లేని పొడిదగ్గు వస్తుంది; ఆసియావాసులలో ఇది మరింత ఎక్కువ. దగ్గు మందు మొదలుపెట్టిన వారంలోనే రావచ్చు, కొన్ని నెలల తరువాతా రావచ్చు. అందువల్ల దగ్గుకూ మాత్రకూ సంబంధం ఉందని తోచక, సిరప్పులు తాగుతూ, క్షయ అనుమానంతో గళ్ల పరీక్షలు చేయించుకుంటూ తిరిగేవారు ఉంటారు. మందును ఏఆర్‌బీకి మారిస్తే దగ్గు సాధారణంగా కొన్ని వారాలలో పోతుంది. అరుదుగా ఏసీఈ నిరోధకాల వల్ల పెదవులు, నాలుక, గొంతు ఉబ్బి ఊపిరి ఆడని స్థితి రావచ్చు. అప్పుడు ఆలస్యం చేయక 108ని పిలవాలి, ఆ జాతి మందును మళ్లీ ఎన్నడూ వాడకూడదు. ఈ రెండు వర్గాల మందులూ రక్తంలో పొటాషియంను పెంచవచ్చు, మూత్రపిండాల పనితీరును సూచించే క్రియాటినిన్ అంకెను కొద్దిగా పైకి జరపవచ్చు. అందుకే మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలలో రక్తపరీక్ష చేయించడం మంచి పద్ధతి. క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి నిలిచిపోతే సాధారణంగా మందు ఆపనక్కరలేదు. గర్భిణులు మాత్రం వీటిని వాడకూడదు, ఎందుకంటే పిండం మూత్రపిండాల ఎదుగుదల దెబ్బతింటుంది. పిల్లలు కావాలనుకునే స్త్రీ ముందుగానే వైద్యునికి చెబితే లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపా వంటి తగిన మందులకు మార్చవచ్చు.

మూత్రవర్ధకాలు ఉప్పును బయటికి పంపుతూ సోడియం, పొటాషియంలను అవసరానికి మించి తగ్గించవచ్చు. యూరిక్ ఆమ్లాన్ని పెంచి కాలి బొటనవేలి కీలు వాపును, అంటే గౌట్‌ను, రేపవచ్చు. చక్కెరను కొద్దిగా పెంచవచ్చు. ముసలివారిలో సోడియం పడిపోతే నీరసం, తడబాటు, మాట పొంతన తప్పడం కనిపిస్తాయి. వయసు మీద పడిందని ఇంటివారు సరిపెట్టుకునే ఈ లక్షణాలకు ఒక్క రక్తపరీక్ష జవాబు చెబుతుంది. బీటా బ్లాకర్లు నాడిని నెమ్మదింపజేస్తాయి, ఉబ్బసాన్ని రెచ్చగొట్టవచ్చు, చక్కెర పడిపోయినప్పుడు హెచ్చరికగా వచ్చే గుండెదడను కనబడనీయకపోవచ్చు. ఇన్సులిన్ వాడేవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. వీటినీ, క్లోనిడిన్ అనే మరో రక్తపోటు మందునూ ఒక్కసారిగా ఆపితే రక్తపోటు ఎదురు తిరిగి ఎగబాకవచ్చు, గుండెజబ్బు ఉన్నవారికి గుండెపోటే రావచ్చు. కూలికి బెంగుళూరు వెళ్లేవారు నెల మందులు మూటలో పెట్టుకుని వెళ్లడం ఈ కారణంగా తప్పనిసరి.

ఎండాకాలం, కరువు పని, ఉపవాసం

రక్తపోటు ఏడాది పొడుగునా ఒకే తీరున ఉండదు. ఎండలకు చర్మంలోని నాళాలు విప్పారి, చెమటతో నీరూ ఉప్పూ పోయి, పోటు సహజంగానే కొంత తగ్గుతుంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది; ఈ ప్రాంతం కరువు పనిగా పిలుచుకునే ఆ మట్టిపని ఎక్కువగా సాగేది పైర్లు లేని ఎండాకాలంలోనే. క్లోర్‌థాలిడోన్, టెల్మిసార్టాన్ రెండూ వాడే మనిషి చైత్ర వైశాఖాలలో గడ్డపార పట్టి, తగినన్ని నీళ్లు తాగక, వంగి ఒక్కసారిగా లేచినప్పుడు కళ్లు బైర్లు కమ్మితే, అది మందు చెడ్డదనడానికి రుజువు కాదు. చలికాలంలో సరిపోయిన మోతాదు ఆ రుతువుకు ఎక్కువైందన్న సూచన. పడుకున్నప్పటి లేదా కూర్చున్నప్పటి అంకెతో పోలిస్తే నిలబడిన మూడు నిమిషాలలోపు పైఅంకె 20 గాని కిందిఅంకె 10 గాని తగ్గితే దాన్ని నిలుచున్నప్పటి రక్తపోటు పతనం అంటారు. అరవై దాటినవారికి నిలబెట్టి కూడా బీపీ చూడాలనడం ఇందుకే. ఈ కొలతలు వైద్యునికి చూపించి మోతాదును సవరించుకోవడం సురక్షితమైన దారి. సొంతంగా మాత్రను సగానికి విరవడం, అదీ నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రను విరవడం, ప్రమాదానికి దారి తీస్తుంది.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజులకు వేరే నియమం ఉంది. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో మూత్రవర్ధకం, ఏసీఈ నిరోధకం లేదా ఏఆర్‌బీ కొనసాగితే మూత్రపిండాలకు రక్తం అందక అవి హఠాత్తుగా దెబ్బతినవచ్చు. అటువంటప్పుడు ఏ మాత్ర ఒకటి రెండు రోజులు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో ఆరోగ్యంగా ఉన్న రోజుననే వైద్యుని అడిగి చీటీ మీద రాయించుకోవడం మంచిది. హిందూపురంలో రంజాన్ ఉపవాసం ఉండేవారు రోజుకు ఒకసారి వేసే మందులను ఇఫ్తార్ వేళకో సహర్ వేళకో మార్చుకోవచ్చా, మూత్రవర్ధకాన్ని ఎలా సర్దుకోవాలన్నది నెల మొదలయ్యే ముందే తేల్చుకోవాలి. ఏకాదశి ఉపవాసాలు చేసేవారికీ ఇది వర్తిస్తుంది. మాత్రను ఉదయం వేసుకోవాలా రాత్రి వేసుకోవాలా అన్న చర్చను బ్రిటన్‌లో 21,000 మందికి పైగా పాల్గొన్న పరీక్ష 2022లో ఒక కొలిక్కి తెచ్చింది: గుండెపోటు, పక్షవాతాల విషయంలో రెండు వేళలకూ తేడా లేదు. మరిచిపోకుండా ఉండే వేళే సరైన వేళ. మూత్రవర్ధకం రాత్రి వేసుకుంటే నిద్ర చెడుతుంది గనుక దానికి ఉదయం నయం. ఒకనాటి మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. శరీరంలో ఎక్కువ గంటలు నిలిచే అమ్లోడిపిన్ పూర్తి ప్రభావం కనబడటానికి వారం రోజులు పడుతుంది కాబట్టి తొలి మాత్ర వేసుకున్న మర్నాడే అంకె తగ్గలేదని నిరాశపడటం తొందరపాటు.

తోడు మందుల వల్ల కలిగే చేటు

రక్తపోటు మందు మీద పడే నిందలో కొంతభాగం నిజానికి నొప్పి బిళ్లలది. మగ్గం మీద నడుము పట్టేసినవారు, చెనిక్కాయ పెరికి మోకాళ్లు నొచ్చినవారు షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి మందులు శరీరంలో ఉప్పును నిలిపి రక్తపోటును పెంచుతాయి, బీపీ మాత్రల పనిని బలహీనపరుస్తాయి. మూత్రవర్ధకం, ఏసీఈ నిరోధకం లేదా ఏఆర్‌బీ, నొప్పి బిళ్ల, ఈ మూడూ ఒకే ఒంట్లో చేరితే మూత్రపిండాలకు హఠాత్తుగా హాని కలిగే ప్రమాదం పెరుగుతుంది. కొన్ని రోజుల నొప్పికి సరైన మోతాదులో పారాసెటమాల్ చాలామందికి సురక్షితం. అదీ తీరకపోతే డాక్టరుకు బీపీ చీటీ చూపించి మందు అడగాలి. దగ్గుకూ గొంతుకూ నమిలే అతిమధురం ఎక్కువ రోజులు వాడితే పొటాషియంను తగ్గించి పోటును పెంచుతుంది. కీళ్లకు మహత్తుగా పనిచేస్తుందని పేరు తెలియని పొట్లాల్లో అమ్మే పొడులలో స్టెరాయిడ్ కలిసి ఉంటే అదీ పోటును పెంచుతుంది.

ఉప్పు తగ్గించమన్న సలహాను పాటించేవారు పొటాషియం కలిపిన ఉప్పు గురించి వింటున్నారు. తెలంగాణలో సిద్దిపేట ప్రాంతపు ఏడు గ్రామాలలో 502 మంది రక్తపోటు రోగులతో జరిపి 2021లో ప్రచురించిన పరీక్షలో, 70 పాళ్లు సోడియం క్లోరైడు, 30 పాళ్లు పొటాషియం క్లోరైడు ఉన్న ఉప్పును మూడు నెలలు వాడగా పైఅంకె సగటున 4.6 మిల్లీమీటర్లు తగ్గింది. ఆ మేలు గణనీయమైనదే. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, పొటాషియంను నిలిపే స్పైరనోలాక్టోన్ వంటి మందులు వాడేవారికీ అదే ఉప్పు గుండె లయను తప్పించేంతగా పొటాషియంను పెంచవచ్చు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను అందుకోవడానికి సంగటిలో నంజుకునే ఊరగాయ, ఊరిమిండి, అప్పడాలు, ఒడియాల లెక్క చూసుకోవడం మొదటి మెట్టు.

ఒకే మందు వేర్వేరు పేర్లతో అమ్ముడవడం మరో చిక్కు. సర్కారు ఆసుపత్రిలో ఇచ్చిన అమ్లోడిపిన్, ప్రైవేటు క్లినిక్‌లో వేరే కంపెనీ పేరుతో రాసిన అమ్లోడిపిన్, రెండూ వేర్వేరనుకుని కలిపి వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. పెద్ద అక్షరాల కంపెనీ పేరును విడిచి దాని కింద చిన్న అక్షరాలలో ఉండే మందు పేరును చదవడం, చదవలేనివారు పాత పట్టీని కొత్త పట్టీ పక్కన పెట్టి ఏఎన్ఎంకో షాపులో ఫార్మసిస్టుకో చూపించడం ఈ ప్రమాదాన్ని తప్పిస్తుంది. సుబ్బారావు పరిశోధనల దారిలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను నేడు కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి ఇస్తారు. రోజువారీ బీపీ మాత్రలతో కలిపి ఒకే డబ్బాలో వేసి దాన్ని పొరపాటున ప్రతిరోజూ మింగితే ప్రాణాపాయం కలుగుతుంది. కీళ్లవాతమూ రక్తపోటూ రెండూ ఉన్నవారి ఇంట్లో ఆ డబ్బాలు విడిగా ఉండాలి.

భయం కలిగించే బాధలు, వార్తలు

మందు చేసే కీడుతో పాటు మందు గురించిన భయం చేసే కీడు కూడా ఉంది. వైద్యశాస్త్రం దానిని నోసీబో అంటుంది, అంటే చెడు జరుగుతుందని ఎదురుచూడటం వల్లనే చెడు అనుభవానికి రావడం. ఇటలీ వైద్యులు 2003లో ప్రచురించిన ఒక పరిశీలనలో 96 మంది పురుషులకు అటెనలాల్ ఇచ్చారు. ఏ మందు ఇచ్చారో తెలియనివారిలో సుమారు 3 శాతం మంది, మందు పేరు మాత్రమే తెలిసినవారిలో 16 శాతం మంది, అది లైంగిక సామర్థ్యాన్ని తగ్గించవచ్చని కూడా విన్నవారిలో 31 శాతం మంది ఆ బాధ ఉందని చెప్పారు. దీన్ని బట్టి దుష్ఫలితాలను దాచిపెట్టాలని తీర్మానించడం తప్పు. ఎంతమందిలో వస్తుంది, వస్తే ఏం చేయాలి అన్న రెండు మాటలు కలపకుండా చెప్పడమే లోపం. రోగి చెప్పిన బాధ భయం వల్ల వచ్చినా బాధే గనుక దానిని వినవలసిందే; సిగ్గుపడి చెప్పుకోలేని బాధలను వైద్యుడే అడిగి తెలుసుకోవాలి.

2018 జూలైలో వల్సార్టాన్ అనే ఏఆర్‌బీలో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం దొరికి అనేక దేశాలు ఆ మాత్రలను వెనక్కి రప్పించాయి. తొలుత బయటపడింది చైనా కర్మాగారంలో తయారైన ముడిసరుకులో. ఆ తరువాతి నెలలలో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కంపెనీల సరుకులోనూ ఇటువంటి మలినాలు తేలి, ఆ మాత్రలూ వెనక్కి వచ్చాయి. అత్యధిక మోతాదును నాలుగేళ్లపాటు రోజూ వాడిన 8,000 మందిలో ఒకరికి అదనంగా క్యాన్సర్ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అంచనా వేసి, ప్రత్యామ్నాయం చేతికి వచ్చేదాకా మాత్ర మానవద్దని చెప్పింది. నియంత్రణలో లోపం నిజం, దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత తయారీదారుదీ ప్రభుత్వానిదీ. అయితే రోగి ఆ వార్త చూసి మందు ఆపేస్తే ఆ వారంలోనే ఎదురయ్యే పక్షవాతం ముప్పు, ఏళ్ల తరువాతి ఆ అరుదైన ముప్పు కన్నా చాలా పెద్దది.

అంకెను చూసి పుట్టే భయమూ హాని చేస్తుంది. గుండెనొప్పి, ఆయాసం, కాలుచేతులు పడిపోవడం, చూపు మసకబారడం వంటి లక్షణాలేవీ లేకుండా బీపీ 180 చూపినంతనే అదనపు మాత్ర మింగడం గాని, నిఫెడిపిన్ గుళికను చిదిమి నాలుక కింద వేయడం గాని చేయకూడదు. అలా చేస్తే పోటు హఠాత్తుగా పడిపోయి మెదడుకూ గుండెకూ రక్తం చాలక ప్రమాదం జరిగిన సందర్భాల వల్ల ఆ పద్ధతిని వైద్యలోకం 1990లలోనే తప్పుపట్టింది. ఆ లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రికి వెళ్లడమే మార్గం.

కొలత, నమోదు, బాధ్యత

సరిగా కొలవని అంకె సరైన మందును కూడా చెడగొడుతుంది. కొలిచే ముందు అరగంటపాటు టీ, బీడీ మానాలి. మూత్రానికి వెళ్లి రావాలి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయక ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. చొక్కా చేతిని పైకి తీసి జబ్బకు పట్టీ చుట్టి, చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఉంచాలి. నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోవాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె లేనిపోని ఎక్కువ చూపుతుంది. ఇంట్లో చూసుకున్న సగటు 135/85 దాటితే అధికమని లెక్క. వైద్యుని ముందు మాత్రమే పెరిగే పోటుకు మందు పెంచితే ఇంటి దగ్గర కళ్లు తిరుగుతాయి. ఇంటి కొలతల చిట్టా ఆ పొరపాటును పట్టిస్తుంది.

తెలుగు నేల మీద జరిగిన పరిశీలనలు ఈ పని ఒక్క రోగి వల్ల అయ్యేది కాదని చెబుతున్నాయి. గోదావరి జిల్లాల 45 గ్రామాలలో 2003-04లో నమోదైన 1,354 మరణాలను పరిశీలించిన ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని 2006లో ప్రకటించింది. ఆ తరువాత పశ్చిమ గోదావరిలోని 54 గ్రామాలలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి ముప్పు ఉన్నవారిని గుర్తించి వైద్యునికి పంపే ప్రయోగం జరిగింది; 2019లో వెలువడిన దాని ఫలితాలలో, పోటు అదుపులో ఉన్నవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గుర్తించి, సలహా చెప్పి పంపితే చాలదని, మందు అందడం, మోతాదు సవరణ, మళ్లీ పిలిపించడం ఒకే గొలుసుగా సాగాలని దీన్నిబట్టి గ్రహించవచ్చు. 2017 నవంబరులో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాలలో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఆ గొలుసునే లక్ష్యంగా పెట్టుకుంది: అందరికీ ఒకే చికిత్సా క్రమం, తెగని మందుల సరఫరా, ఊరికి దగ్గరలో నెలనెలా మాత్రలు, ప్రతి రోగికీ ఒక కార్డు.

ఆ కార్డులో సాధారణంగా అంకె, తేదీ, మందు పేరు ఉంటాయి. దానికి మరో గడి చేరాలి: గత నెలలో మాత్రతో ఏ ఇబ్బంది కలిగింది, దానికి ఏమి మార్పు చేశారు. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ, బత్తలపల్లిలోని ఆర్డీటీ ఆసుపత్రి వంటివి ఈ ప్రాంతానికి అందుబాటులో ఉన్నా, అమ్లోడిపిన్ వాపునూ ఎనలాప్రిల్ దగ్గునూ సర్దడానికి అంత దూరం పోనక్కరలేదు. కొత్తచెరువు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఐదు నిమిషాల సంభాషణ చాలు. తీవ్రమైన లేదా కొత్తరకం బాధ ఏదైనా కనబడితే దాన్ని దేశానికంతటికీ తెలియజేసే వీలు కూడా ఉంది: 2010లో మొదలై, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతున్న ఔషధ నిఘా కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత నంబరుకు రోగి స్వయంగానే ఫిర్యాదు చేయవచ్చు, అందుకు వైద్యుని సంతకం అవసరం లేదు. వైద్యుడు ఇబ్బందిని అడిగి రాయడం, ఫార్మసిస్టు పాత చీటీ చూడనిదే నొప్పి బిళ్ల ఇవ్వకపోవడం, ఏఎన్ఎం ఎండాకాలంలో నిలబెట్టి బీపీ చూడటం, రోగి మాత్ర ఆపాలనిపించిన రోజున ఆపకుండా ముందు వచ్చి చెప్పడం, ఈ నాలుగూ కుదిరిన ఊళ్లో రక్తపోటు మందు దాదాపు అందరికీ భద్రమైన మందే అవుతుంది.